ఇటలీకి వెళ్లిన ప్రాసిక్యూటర్లు ఏం నేర్చుకుంటున్నారు? మన గూడేలకి దాంతో ఏం పని?

(యువజన శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసి, అక్కడక్కడ మాత్రమే సరిచేశాం.)



నాకిచ్చిన విషయం మనుషుల అక్రమ రవాణా. సెక్షన్లు చదివి వినిపిస్తే మీరు నిద్రపోతారు, పైగా భోజనాల ముందు పూట. అందుకని ముందు వేరే దేశం సంగతి చెప్తాను. రెండు దేశాల సంగతి. ఆఫ్రికాలో నైజీరియా, యూరప్‌లో ఇటలీ. అక్కడి పబ్లిక్ ప్రాసిక్యూటర్లు, అంటే కోర్టులో ప్రభుత్వం తరఫున కేసు నడిపే లాయర్లు, ఒకరి దేశానికి ఒకరు వెళ్లి నేర్చుకుంటున్నారు. స్టడీ టూర్ అంటారు కదా, అదే. మనకి స్టడీ టూర్ అంటే ఆఫీసర్లు ఫొటోలు దిగి రావడం అని ఒక అభిప్రాయం ఉంది. చాలాసార్లు నిజం కూడా. కానీ ఈ రెండు దేశాల మధ్య జరిగిన దాన్లో మనం పట్టుకోవాల్సిన విషయాలు ఉన్నాయి.

ముందు నేరం ఏంటో చూద్దాం. నైజీరియాలో ఈడో అనే రాష్ట్రం ఉంది. దాని రాజధాని బెనిన్ సిటీ. (బెనిన్ అని పక్కన వేరే దేశం ఉంది, అది కాదు.) ఇటలీలో ఒళ్లు అమ్ముకోవాల్సిన గతి పట్టిన నైజీరియా ఆడపిల్లల్లో ఎక్కువమంది ఈ ఒక్క రాష్ట్రం వాళ్లే. 2014లో సముద్రం దాటి ఇటలీ చేరిన నైజీరియా ఆడవాళ్లు పదిహేను వందల లోపు. 2016కి సుమారు 11 వేలు అయ్యారు. వాళ్లలో 80 శాతం మంది రవాణా బాధితులై ఉండొచ్చని అంతర్జాతీయ వలసల సంస్థ, ఐఓఎం, లెక్క కట్టింది.

తీసుకెళ్లేది ఎవరు? ముక్కూమొహం తెలియనివాళ్లు కాదు. తెలిసిన ఆవిడే. పక్కింటామె, దూరపు చుట్టం, ఇంతకుముందు వెళ్లొచ్చి ఊళ్లో ఇల్లు కట్టుకున్న మనిషి. అక్కడ జడలు వేసే షాపులో పని, పిల్లల్ని చూసుకునే పని అని చెప్తారు. ప్రయాణం ఖర్చు నేను పెడతా, సంపాదించి తీర్చు అంటారు. ఆ అప్పు ఎంతనుకున్నారు? 20 వేల నుంచి 50 వేల యూరోలు. యూరో అంటే ఎంతో తెలియని పిల్లకి అది ఉత్త అంకె. సహారా ఎడారి దాటి, లిబియాలో నెలల తరబడి తన్నులు తిని, రబ్బరు పడవలో సిసిలీ ఒడ్డుకి చేరాక గాని ఆ అంకె బరువెంతో తెలీదు. అప్పటికి "మేడమ్" వచ్చి తీసుకుపోతుంది. మేడమ్ కూడా చాలాసార్లు ఒకప్పుడు ఇలాగే వచ్చిన ఆడదే.

ఇంకో ముడి ఉంది. బయల్దేరే ముందు పిల్లని ఒక గుడికి తీసుకెళ్తారు. జుట్టు, గోళ్లు, రక్తపు చుక్క తీసుకుంటారు. అప్పు తీరుస్తాను, మేడమ్ పేరు చెప్పను, పోలీసుల దగ్గరికి పోను అని దేవుడి ముందు ఒట్టు వేయిస్తారు. తప్పితే పిచ్చి పడుతుంది, ఇంట్లోవాళ్లు చస్తారు. బయటివాళ్లు దీన్ని మూఢనమ్మకం అని నవ్వేస్తారు. ఇక్కడ కూర్చున్న మనం నవ్వం. దేవర ముందు వేసిన ఒట్టు అంటే ఏంటో మనకి తెలుసు. స్టాంపు పేపర్ మీద సంతకం కంటే అది గట్టిది. దళారీకి కూడా ఆ సంగతి తెలుసు, అదే అసలు విషయం. గొలుసు లేదు, తాళం లేదు, కాపలా లేదు. అప్పు, ఒట్టు. ఈ రెండూ చాలు.

ఇప్పుడు ఇటలీ ప్రాసిక్యూటర్ పరిస్థితి ఊహించండి. ఎదురుగా పిల్ల కూర్చుంది, నోరు విప్పదు. నా అంతట నేనే వచ్చాను అంటుంది. అటు నైజీరియా ప్రాసిక్యూటర్ దగ్గర పంపించినవాడు ఉన్నాడు గానీ సాక్షి లేదు, సాక్షి ఇటలీలో ఉంది. నేరం సగం ఇక్కడ, సగం అక్కడ. ఎవరి సగం వాళ్లు పట్టుకుని కూర్చుంటే రెండు కోర్టుల్లోనూ కేసు కొట్టేస్తారు. అందుకే ఈ రాకపోకలు. నైజీరియాలో 2003లో చట్టం చేసి నాప్‌టిప్ అని రవాణా కేసులకి ప్రత్యేక సంస్థ పెట్టారు. ఐక్యరాజ్యసమితి నేరాల విభాగం యూఎన్‌ఓడీసీ సాయంతో నైజీరియా ప్రాసిక్యూటర్‌ని ఇటలీలోనే కొంతకాలం కూర్చోబెట్టే ఏర్పాటు కూడా చేశారు. పది రోజుల టూర్ కంటే ఇది మేలు అని నా ఉద్దేశం. కాగితం పంపితే నెలలు పడుతుంది, పక్క గదిలో మనిషి ఉంటే ఆ పూటే అడగొచ్చు.

వెళ్లినవాళ్లకి అక్కడ ఏం కనిపిస్తుంది? మొదటిది, ఇటలీలో ఈ కేసులు మామూలు పోలీస్ స్టేషన్ కేసుల్లా నడవవు. 2003 చట్టం తర్వాత మాఫియా కేసులు చూసే జిల్లా ప్రాసిక్యూటర్లకే వీటిని అప్పగించారు. మాఫియా మీద వాళ్లు పాఠం నేర్చుకున్నది చాలా రక్తం పోసి. జొవాన్నీ ఫల్కోనే అని సిసిలీ జడ్జి ఉండేవాడు. మాఫియావాడి నోటి నుంచి నిజం రాకపోతే వాడి బ్యాంకు ఖాతా నుంచి రప్పించాలి అన్నట్టు పనిచేసినాయన. డబ్బు ఎటు పోతుందో దాని వెనకాలే నడిచాడు. ఆయన కూడా అమెరికా వెళ్లి అక్కడి ప్రాసిక్యూటర్లతో, ఎఫ్‌బీఐతో కలిసి పనిచేశాడు, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. 1992 మే 23న రోడ్డు కింద బాంబు పెట్టి ఆయన్ని, ఆయన భార్యని, ముగ్గురు కాపలా పోలీసుల్ని చంపేశారు. ఇప్పుడు విదేశాల నుంచి వచ్చే ప్రాసిక్యూటర్లు నేర్చుకునే పద్ధతికి మూలం అక్కడుంది. పిల్లని మాట్లాడమని పీడించకు, ముందు మేడమ్ ఫోన్లు విను, డబ్బు ఏ దారిన ఊరికి పోతుందో చూడు, రుజువు నువ్వు తెచ్చుకో. సాక్షి మాట దానికి తోడు అవ్వాలి గానీ కేసు బరువంతా ఆ పిల్ల నెత్తిన పెట్టకూడదు.

రెండోది విచెంజా అనే ఊళ్లో జరిగే శిక్షణ. అక్కడ ఇటలీ కారాబినియేరి పోలీసుల కేంద్రం ఒకటి ఉంది. యూరప్ భద్రత సహకార సంస్థ, ఓఎస్‌సీఈ, 2016 నుంచి అక్కడ ఒక రకమైన శిక్షణ నడుపుతోంది. క్లాసులు కాదు, నాటకం లాంటిది. ఒక కల్పిత కేసు తయారుచేస్తారు. బాధితులుగా, దళారులుగా, యజమానులుగా నటులు ఉంటారు. వేర్వేరు దేశాల నుంచి వచ్చిన ప్రాసిక్యూటర్లు, పోలీసులు, లేబర్ ఇన్‌స్పెక్టర్లు, సామాజిక కార్యకర్తలు కలిసి ఆ కేసు తేల్చాలి. ఎవరు బాధితులో కనిపెట్టాలి, మాట్లాడించాలి, డబ్బు దారి పట్టాలి, సోదా చేయాలి. గద్దించి అడిగితే ఎదురుగా ఉన్న మనిషి ముడుచుకుపోతుంది. ఆ పూటంతా కేసు ముందుకి కదలదు. ఉపన్యాసంలో వంద సార్లు చెప్పినా ఎక్కనిది అక్కడ ఎక్కుతుంది. లాయర్, పోలీసు, లేబర్ ఆఫీసర్, కార్యకర్త ఒకే బల్ల దగ్గర కూర్చోవడం కూడా నాకు ముఖ్యంగా అనిపించింది. మన దగ్గర వెట్టి నుంచి విడిపించిన కుటుంబం రెవెన్యూ ఆఫీసుకి ఒకసారి, పోలీసులకి ఒకసారి, లేబర్ ఆఫీసుకి ఒకసారి, అదే కథ మొదటి నుంచి చెప్పుకుంటూ తిరగాలి. మూడోసారికి కథలో ఏదో ఒక తేదీ మారుతుంది. కోర్టులో ఎదుటి లాయర్ ఆ తేదీనే పట్టుకుంటాడు.

మూడోది అన్నిటికంటే పెద్దది. దీని దగ్గర కొంచెంసేపు ఆగుదాం.

ఇటలీలో 1998 నాటి వలస చట్టంలో 18వ ఆర్టికల్ ఉంది. దోపిడీకి, హింసకి గురై, ప్రమాదంలో ఉన్న విదేశీయులకి ఆరు నెలల నివాస అనుమతి ఇస్తారు, ఇంకో ఏడాది పొడిగించొచ్చు, ఆ తర్వాత ఉద్యోగం మీద కూడా ఉండొచ్చు. ఆశ్రయం, వైద్యం, చదువు, పని. దీనికి రెండు దారులు పెట్టారు. ఒకటి కోర్టు దారి, అంటే ఫిర్యాదు ఇచ్చి పోలీసులతో కలిసి నడవడం. రెండోది సామాజిక దారి. ఫిర్యాదు ఇవ్వకపోయినా, ఒక్క పేరు చెప్పకపోయినా, సంస్థలో చేరి తన కాళ్ల మీద తాను నిలబడే కార్యక్రమంలో ఉంటే చాలు, అనుమతి వస్తుంది. అర్థమైందా? "నువ్వు సాక్ష్యం చెప్తేనే నీకు అన్నం పెడతాం" అనరు. ఆచరణలో అక్కడా కొన్ని పోలీసు కార్యాలయాలు ముందు ఫిర్యాదు ఇవ్వమని పట్టుబడతాయని విమర్శలున్నాయి. అయినా చట్టం మాట మాత్రం ఇది.

ప్రాసిక్యూటర్లకి మొదట ఇది వింతగా అనిపించడం సహజం. సాక్ష్యం ఇవ్వని మనిషికి ఇవన్నీ ఇస్తే ఇంక సాక్ష్యం ఎవరిస్తారు అని అడుగుతారు. జవాబు ఆలోచిస్తే తేలికే. భయంతో, ఆకలితో ఉన్న మనిషి చెప్పే మాట రేపు మారిపోతుంది. ఆరు నెలలు కడుపునిండా తిని, తలుపుకి లోపలి గడియ ఉన్న గదిలో పడుకున్న మనిషి చెప్పే మాట నిలబడుతుంది.

ఇప్పుడు మన చట్టం పక్కన పెట్టి చూడండి. వెట్టి నుంచి విడుదలైనవాళ్లకి కేంద్రం 2016లో పథకం తెచ్చింది. మగవాళ్లకి లక్ష, ఆడవాళ్లకి, పిల్లలకి రెండు లక్షలు, లైంగిక దోపిడీ లాంటి ఘోరమైన కేసుల్లో మూడు లక్షలు. చదవడానికి బాగుంది. కానీ వెంటనే చేతికొచ్చేది మొదట్లో 20 వేలు, ఇప్పుడు 30 వేల దాకా. మిగతా డబ్బుని యజమానికి శిక్ష పడటానికి ముడిపెట్టారు. యజమానికి శిక్ష ఎప్పుడు పడుతుంది? పడుతుందా? అప్పటిదాకా విడుదలైన కుటుంబం ఏం తినాలి? మళ్లీ అదే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకోవాలి. కేసు ఓడిపోతే తప్పు ప్రాసిక్యూటర్‌ది, పోలీసుది. డబ్బు పోయేది మాత్రం మనది. వాళ్ల పని సరిగ్గా చేయనందుకు మనకి జరిమానా. నేను అడిగేది ఇదొక్కటే: మన రాష్ట్రాల ప్రాసిక్యూటర్లు, ఆఫీసర్లు విదేశాలకి వెళ్తే వెళ్లనివ్వండి, తిరిగొచ్చాక ఈ ముడి విప్పమని రాతపూర్వకంగా సిఫారసు చెయ్యాలి. అది చెయ్యని స్టడీ టూర్ మాకెందుకు?

ఇటలీని నెత్తిన పెట్టుకోమని నేను చెప్పట్లేదు. ఇదే ఇటలీ ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో లిబియాతో ఒప్పందం చేసుకుంది. సముద్రం మీద పడవల్ని లిబియా కోస్ట్‌గార్డు ఆపేసి మనుషుల్ని వెనక్కి తీసుకుపోతే, దానికి డబ్బు, పడవలు, శిక్షణ ఇటలీ ఇస్తుంది. వెనక్కి పోయేది ఎక్కడికి? తన్నులు, అత్యాచారాలు, మళ్లీ అమ్మకాలు జరిగే నిర్బంధ కేంద్రాలకి. విచెంజాలో బాధితుల్ని ఎలా గుర్తించాలో నేర్పిస్తారు. అదే బాధితురాలు ఒడ్డుకి చేరకముందే పట్టుకుని వెనక్కి పంపడానికి కూడా డబ్బులిస్తారు. స్టడీ టూర్‌కి వచ్చిన ప్రాసిక్యూటర్లకి ఈ రెండో సంగతి కూడా ఎవరైనా చూపించాలి.

ఇప్పుడు ఒట్టు సంగతికి వద్దాం. ఇంత శిక్షణ, ఇన్ని రాకపోకలు, అయినా ఒట్టు ముందు ప్రాసిక్యూటర్లు ఏమీ చేయలేకపోయారు. కోర్టు ఆర్డర్ దేవుడి ఒట్టుని కొట్టేయలేదు కదా. 2018 మార్చి 9న ఒక పని జరిగింది. బెనిన్ సంప్రదాయ రాజుని ఓబా అంటారు. ఇప్పటి ఓబా రెండవ ఎవారే పూజారులందర్నీ పిలిపించి, రవాణా కోసం ఆడపిల్లల చేత వేయించిన ఒట్లన్నీ రద్దయ్యాయి, ఇకమీదట ఎవరైనా అలాంటి ఒట్టు వేయిస్తే దేవతల శాపం వాళ్లకే తగులుతుంది అని ప్రకటించాడు. ఆ మాట ఇటలీలో ఆశ్రయాల్లో ఉన్న పిల్లల దాకా ఫోన్లలో పోయింది. కొందరు మొదటిసారి నోరు విప్పారు. అన్నీ సర్దుకున్నాయని కాదు. దళారులు ఒట్టు వేయించే చోటు పక్క రాష్ట్రానికి మార్చారని, ఒట్టు పోయినచోట ఇంట్లోవాళ్లని కొట్టిస్తామనే బెదిరింపు వచ్చిందని కూడా వార్తలొచ్చాయి. అయినా చూడండి, రెండు దేశాల ప్రాసిక్యూటర్లు విప్పలేని ముడిని విప్పింది ఎవరు? ఆ జాతి పెద్ద, ఆ జాతి మాటతోనే.

ఇది విన్నప్పుడు నాకు మన పటేళ్లు, దేవారులు, దిసారులు గుర్తొచ్చారు. మన దగ్గర కూడా మేస్త్రీ ఊరిపెద్ద ముందే అడ్వాన్సు ఇస్తాడు, ఎందుకు? పెద్ద ముందు తీసుకున్న డబ్బు ఎగ్గొడితే పరువు పోతుందని మనవాళ్లు చచ్చినట్టు పనిచేస్తారని. మన మంచితనాన్నే తాడుగా పేనుతున్నాడు వాడు. 1976 వెట్టిచాకిరి రద్దు చట్టం ప్రకారం వెట్టి అప్పు తీర్చక్కర్లేదు. ఇది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత కూడా అప్పిచ్చినవాడిదే, మనది కాదు. ఈ మాట జీవోలో ఉంటే ఒకటి, గ్రామసభలో పటేల్ నోటి నుంచి వస్తే ఇంకొకటి. పెసా చట్టం, 1996ది, గిరిజనులకి ఇచ్చే వడ్డీ అప్పుల మీద అదుపు గ్రామసభ చేతుల్లో ఉండాలని చెప్పింది. ఎన్ని గూడేల్లో ఈ అధికారం వాడుతున్నాం? ఛత్తీస్‌గఢ్‌లో ఊరొదిలి పనికి పోయేవాళ్ల పేర్లు పంచాయతీలో రాసే పుస్తకం ఒకటి ఉంది, పలాయన్ పంజీ అంటారు. పేరు, ఎవరితో పోతున్నారు, ఎక్కడికి, ఎంత అడ్వాన్సు. అది సరిగ్గా రాస్తే రేపు ప్రాసిక్యూటర్‌కి అంతకంటే మంచి రుజువు ఉండదు. మనమూ పెట్టుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం చాలు.

చివరగా భాష. ఇటలీ పోలీసులు మేడమ్‌ల ఫోన్లు వింటారని చెప్పాను కదా. వాళ్లు మాట్లాడేది ఈడో భాష, పిడ్జిన్ ఇంగ్లీషు. అది తెలిసినవాళ్లు ఇటలీలో తక్కువ. తెలిసినవాళ్లకి కూడా, తమ ఊరివాళ్ల మీద అనువాదం చేస్తే ఊళ్లో ఇంటివాళ్లకి ఏమవుతుందో అని భయం. అనువాదకులు లేక ఆగిన కేసులు, అనువాదం తేడా వచ్చి చెడిన కేసులు అక్కడ మామూలు.

దీనికి తెలుగు ఉదాహరణే ఉంది. లకిరెడ్డి బాలిరెడ్డి కేసు కొందరికి తెలుసు. అప్పటి కృష్ణా జిల్లా వెల్వడం నుంచి పేదింటి పిల్లల్ని దొంగ కాగితాలతో అమెరికాలో బర్కిలీకి తీసుకెళ్లి లైంగికంగా వాడుకుని, పనికి పెట్టుకున్నాడు. 1999 నవంబరులో ఆయన అపార్ట్‌మెంట్లో విషవాయువు వల్ల ఒక పిల్ల చనిపోతే బయటపడింది. దాని వెనక వెట్టి ఉందేమో అని మొదట రాసింది పెద్ద పత్రిక కాదు, బర్కిలీ హైస్కూల్ విద్యార్థుల పత్రిక. మీ వయసు కంటే చిన్నవాళ్లు. 2001లో ఆయనకి 97 నెలల జైలు పడింది, బాధితులకి 20 లక్షల డాలర్లు కట్టించారు. కానీ ఆయన కొడుకు మీద కేసులో ఏం జరిగింది? ప్రభుత్వం తరఫున తెలుగు అనువాదం చేసిన ఆవిడ బాధితుల్ని ఎక్కువ చేసి చెప్పమని ప్రోత్సహించిందని ఆరోపణ వచ్చి, పెద్ద అభియోగాలు నిలబడక, చిన్న నేరం ఒప్పుకోలుతో ముగిసింది. ఎన్నో కోట్లమంది మాట్లాడే తెలుగుకే అమెరికా కోర్టులో ఈ గతి. కొలామీ మాట్లాడే అమ్మాయికి, కువి మాట్లాడే అబ్బాయికి మన జిల్లా కోర్టులో అనువాదం ఎవరు చేస్తారు? స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర దొరికినవాళ్లు. ఒక్కోసారి ఆ మేస్త్రీ మనిషే.

ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 15ఏ సెక్షన్, 2016 జనవరి నుంచి అమల్లో ఉంది. బాధితులకి, సాక్షులకి రక్షణ, కోర్టుకి రానుపోను ఖర్చు, కేసు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడం, ఇవన్నీ హక్కులే, దయ కాదు. ఈ హక్కు అడగాలంటే కూడా భాష కావాలి. మన భాష, కోర్టు భాష రెండూ వచ్చినవాళ్లు కావాలి. డిగ్రీ చదివి ఇంటి దగ్గర ఖాళీగా ఉన్నాం అని బాధపడేవాళ్లు మనలో ఎంతమంది లేరు?

అందుకే ఈ రోజు ఒక పని పెట్టుకున్నాం. భోజనాల దగ్గర కొమరం తమ్ముడి చేతిలో ఒక రిజిస్టర్ ఉంటుంది. గోండి, కోయ, కొలామీ, కువి, సవర, ఆదివాసీ ఒడియా, ఎవరికి ఏ భాష వచ్చో, తెలుగు ఎంత బాగా రాయగలరో, మీ మండలం ఏదో అందులో రాయండి. ఆ జాబితాని ఐటీడీఏకి, జిల్లా న్యాయసేవా సంస్థకి, ప్రత్యేక కోర్టు పీపీకి మూడు కాపీలు ఇస్తాం, రసీదు తీసుకుంటాం. ఆడపిల్లలు తప్పకుండా రాయాలి, ఆడపిల్ల మాట ఆడపిల్లే అనువదించాల్సిన కేసులు ఎక్కువ. పెన్నులు రెండే ఉన్నాయి, లైన్లో రండి.